తేట బాబాయి బకెట్టు

నది ఒడ్డున చతికిలబడి, బకెట్లో నీళ్ళు తేరుకునేదాకా ఎదురుచూడడం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు. తేట బాబాయి ఉద్యోగంలోనూ కాదు. ఆయన చేయాల్సిందల్లా వంతెన కింద నదిలో బాటిల్ ముంచి, మూత బిగించి, నీటి పరీక్షల ఆఫీసుకి తెచ్చివ్వడం. ఆ ఎదురుచూపు ఆయన తనంతట తాను నెత్తినేసుకున్న పని. దానికి జీతం లేదు, చెయ్యమన్నవాడు లేడు. ఎవరూ అడగని ఆ పనితోనే మహానుభావుడు ఒక వీధి మొత్తం కొంప ముంచాడు. అదీ ఎంతో శ్రద్ధగా, చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ ముంచాడు.

ఆ శ్రద్ధ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ముందు వాళ్ళక్క గురించి చెప్పుకోవాలి. తల్లి పోయేనాటికి ఈయన ఇంకా నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని నడిచే వయసులో ఉన్నాడు. తండ్రి లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే పనివాడు. ఇంటికొచ్చేది తిండికీ నిద్రకీ మాత్రమే. పెంచింది అక్కే. ఒడ్డు వీధిలో చివరి ఇల్లు వాళ్ళది. ఆవిడ నదినుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, కదలిక లేని మూలన పెట్టి, మట్టి అడుక్కి దిగేదాకా వాటి జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. తర్వాత పైనున్న తేటని మడతలు వేసిన గుడ్డలోంచి వేరే బిందెలోకి వంచేది. అడుగున మిగిలిన ఒండ్రుని వృథా చేయకుండా పెరట్లో ఆకుకూర మడిలో పోసేది. ఒకసారి ఇంటికెవరో చుట్టం వస్తే, తమ్ముడు హుషారుగా పరిగెత్తి నదిలోంచి అప్పుడే ముంచిన చెంబు తెచ్చి చేతికిచ్చాడు. చుట్టం గుమ్మం దాటగానే వాడి వీపు విమానం మోత మోగింది.

"మట్టినీళ్ళు మనుషులకిస్తావురా? నా పరువు తీశావు కదా!"

అక్క కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. అందుకే అది ఒంట్లో ఇంకిపోయింది. పెద్దయ్యాక ఎన్ని మర్చిపోయినా, మట్టి కలిసిన నీళ్ళు మరో మనిషి చేతికివ్వడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

నీటి పరీక్షల ఆఫీసులో ఉద్యోగం వచ్చిన కొత్తలో, చెప్పినదాన్ని చెప్పినట్టే చేశాడు. వాన కురిసి వెలిసిన రోజు అది. నది ఎర్రగా పారుతోంది. బాటిల్ ముంచి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. శాంపిళ్ళు తీసుకునే గుమాస్తా దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, పక్కవాణ్ణి పిలిచి, "టీ ఎవరు చెప్పారయ్యా?" అన్నాడు. ఆఫీసంతా గొల్లున నవ్వింది. గుమాస్తా ఆ మాట అప్పుడే మర్చిపోయాడు, బాటిల్ లోపలికి పంపాడు, పరీక్ష కూడా జరిగింది. మనవాడు మాత్రం ఆ పూట అన్నం సయించక, అవమానంతో కుంగిపోయి కూర్చున్నాడు.

మరుసటి వారం నుంచి ఆయన సైకిల్ హ్యాండిల్‌కి ఒక స్టీలు బకెట్టు వేలాడింది. దాన్లో ఉతికి మడతపెట్టిన తెల్లగుడ్డ. వంతెన కింద బకెట్టు నింపి, చెట్టు నీడన పెట్టి, దాని మీద మూతగా పళ్ళెం పెట్టి, పక్కన కూర్చునేవాడు. ఎవరైనా దగ్గరకొస్తే "అడుగులు నెమ్మదిగా వెయ్యండి, నీళ్ళు కదులుతాయి" అనేవాడు. నిద్రపోతున్న పసిబిడ్డకి కాపలా కాసినట్టుండేది ఆ వరస. తేరుకున్నాక పైనుంచి గుడ్డలోకి, గుడ్డలోంచి బాటిల్లోకి. అడుగున మిగిలిన ఒండ్రుని మాత్రం పారబోసేవాడు కాదు. ఆఫీసుకెళ్ళే దారిలోనే అక్క ఇల్లు. ఆ బురద తీసుకెళ్ళి ఆవిడ మడిలో పోసి, బకెట్టు కడిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు.

ఇక చూసుకోండి. ఆయన తెచ్చిన బాటిల్ కడిగిన ముత్యంలా ఉండేది. టీ అన్న గుమాస్తాయే దాన్ని పైకెత్తి నలుగురికీ చూపించి, "నేర్చుకోండయ్యా, శాంపిల్ అంటే ఇదీ" అన్నాడు. ఆ రోజు పెట్టిన పేరే తేట బాబాయి. ఆ పేరు పుట్టేనాటికి ఆయనకి మీసం సరిగ్గా మొలవలేదు. బాబాయి వయసు తర్వాత తీరిగ్గా వచ్చింది.

నది పైభాగంలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్లున్నాయి. వాటి పక్కనే ఇనుప సామాన్లకి మెరుగుపూత వేసే కార్ఖానాలున్నాయి. వాటి కాలవలన్నీ వచ్చి పడేది నదిలోనే. అందరికీ తెలిసిన సంగతే. అయినా ఒడ్డు వీధి దగ్గర మాత్రం నది చల్లగా, హాయిగా, ఏ దోషమూ లేకుండా పారుతున్నట్టు ప్రతిసారీ రిపోర్టు వచ్చేది. షెడ్ల యజమానులకి ఆ రిపోర్టులంటే ప్రాణం. గోడకి ఫ్రేము కట్టించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మంచి ఫలితాలు తెచ్చే ఆఫీసని బాబాయి ఆఫీసుకి పైవాళ్ళు ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని పెద్దసారు గదిలో, ఆయన కుర్చీ వెనకాల, వచ్చినవాళ్ళకి తప్పకుండా కనపడే ఎత్తులో తగిలించారు.

ఒడ్డు వీధివాళ్ళు మాకు కుళాయి పైపు వేయించండి మహాప్రభో అని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళకొకటే సమాధానం. నది నీళ్ళే ఇంత శుభ్రంగా ఉంటే పైపు దేనికి? సమాధానం విని వాళ్ళు కోపం తెచ్చుకునేవారా అంటే అదీ లేదు. "మన తేట బాబాయి తెచ్చిన లెక్కే కదా, మనవాడు అబద్ధం చెప్తాడా" అని తృప్తిపడి ఇంటికొచ్చేవారు. ఆయన మంచితనం మీద వాళ్ళకంత గురి. ఆ గురి లేకపోయి ఉంటే ఈపాటికి ఎప్పుడో పైపు పడేది.

అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవిడ మడిలో ఆకులు అరచేతంత వెడల్పున, నూనె రాసినట్టు నిగనిగలాడేవి. వీధిలో ఏ ఇంట్లో బాలింత ఉన్నా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఓ కట్ట కోసి పంపేది. వారానికోసారి తమ్ముడి చేత ఆఫీసుకీ పంపేది. పెద్దసారుకి ప్రత్యేకంగా లేత కొసలు. "మీ అక్కగారి ఆకుకూర తింటుంటే మందులతో పని లేదయ్యా" అనేవాడు పెద్దసారు, కట్టని సంచిలో పెట్టుకుంటూ. నది బాగుందని సంతకం పెట్టిన చేత్తోనే నది బురద తిన్న కూర ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఇన్నేళ్ళ ప్రభుత్వ సేవలో ఆయన తెలియకుండా చేసిన న్యాయం ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఇలా అందరూ సుఖంగా ఉన్న రోజుల్లో ఆఫీసుకి కొత్త కెమిస్టు వచ్చింది. చిన్నపిల్ల, కళ్ళజోడు జారుతుంటే ముక్కు ముడిచి పైకెగదోసే అలవాటు. అందరూ కెమిస్టమ్మ అన్నారు. ఆ అమ్మాయి పాత ఫలితాలన్నీ చూసి, బాబాయిని పిలిచి కుర్చీ వేసింది.

"బాబాయ్, మీకన్నా పైన తీసిన నీళ్ళలో సీసం ఉంది. మీకన్నా కింద తీసిన నీళ్ళలోనూ ఉంది. మధ్యలో మీ దగ్గర మాత్రం లేదు. నది మీ వంతెన కింద ఆగి స్నానం చేసి వెళ్తోందా?"

"మా ఒడ్డు నీళ్ళు మొదట్నుంచీ అంతేనమ్మా" అన్నాడు బాబాయి గర్వంగా.

"రేపు నేనూ వస్తాను. మీరెలా తీస్తారో చూడాలి."

బాబాయికి ఆ మాట పన్నీరు చల్లినట్టుంది. సర్వీసు ముగియబోతోంది. ఇన్నేళ్ళలో ఆయన పనితనం చూద్దామని ఒడ్డుకొచ్చిన ఆఫీసరు ఒక్కరూ లేరు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి బకెట్టుని బూడిదతో తళతళా తోమాడు. కొత్తగుడ్డ చింపి అంచు కుట్టించాడు.

మర్నాడు వంతెన కింద, పెళ్ళికొడుకులా తయారై, ప్రతి అడుగూ వివరిస్తూ చేసి చూపించాడు. నింపాడు, మూత పెట్టాడు, కూర్చున్నాడు, కెమిస్టమ్మని కూడా కూర్చోమన్నాడు. తేరుకున్నాక గుడ్డలోంచి వంచి బాటిల్ ఎత్తి సూర్యుడికి చూపించాడు. మెప్పు కోసం ఆమె మొహంలోకి చూశాడు. ఆ పిల్ల బాటిల్ వంక చూడటంలేదు. బకెట్టు అడుగున ఉన్న బురద వంక చూస్తోంది.

"ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నారు?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ. మొదటిదొక్కటే మట్టితో తెచ్చాను. తర్వాత ఒక్కటి ఉంటే ఒట్టు."

ఆమె బకెట్టుని తన దగ్గరికి లాక్కుంది. తర్వాత, కసురుకోకుండా, కాస్త నెమ్మదిగానే చెప్పింది.

"సీసం, కాడ్మియం లాంటివి చాలావరకు మట్టి రేణువుల్ని పట్టుకుని ప్రయాణం చేస్తాయి బాబాయ్. మీరు మట్టిని దించేసి నీళ్ళు తెస్తున్నారు. దొంగల్ని దారిలో దించేసి ఖాళీ బండి స్టేషన్‌కి తోలుకెళ్తే, బండిలో దొంగల్లేరని రాసుకోక ఏం చేస్తారు?"

బాబాయికి సగం అర్థమైంది.

"మరి, మేం తాగేది తేటే కదమ్మా. మంచిదే కదా?"

"తేరిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. వీధిలో పిల్లలు తేరుకునేదాకా ఆగుతారా? దోసిట్లో పట్టి తాగేస్తారు. అది సరే, ఈ బురద ఏం చేస్తారు?"

బాబాయి చేయి దానంతటదే లేచి అక్క ఇంటివైపు చూపించింది.

కెమిస్టమ్మ ఆ రోజు నదిలోంచి బాటిల్‌ని నేరుగా ముంచి తీసుకుంది. బురద ఒక డబ్బాలో, మడిలో మట్టి ఇంకో డబ్బాలో పట్టుకుంది. "పరీక్షకా తల్లీ? బాగా ముదిరినవి వద్దు, లేతవి కోసిస్తానుండు" అని అక్క నిండు మనసుతో ఆకుకూర కట్ట కూడా చేతిలో పెట్టింది. కొయ్యడానికి వంగినప్పుడు అక్క మణికట్టు వాలిపోయి కత్తి రెండుసార్లు జారింది. బాబాయి అప్పుడే చూశాడు. అంతకుముందు చూడలేదా అంటే చూశాడు. కడుపులో మెలిపెడుతోందని ఆవిడ పడుకోవడం చూశాడు. నవ్వినప్పుడు చిగుళ్ళ అంచున నీలంగా కనపడే గీత చూశాడు. డాక్టరు "వయసమ్మా" అన్నాడు. వీళ్ళూ వయసే అనుకున్నారు. పాపం, వయసు మీద ఏ నింద వేసినా అది నోరెత్తదు.

ఫలితాలు వచ్చాయి. నీళ్ళలో సీసం. బురదలో ఇంకా ఎక్కువ. మడిలో అంతకన్నా ఎక్కువ. ఆకుల్లో సీసంతో పాటు కాడ్మియం. కెమిస్టమ్మ కాగితాలు పట్టుకుని బాబాయిని వెంటబెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది. పెద్దసారు మొదటి కాగితం చూశాడు. షీల్డు ఆయన తల వెనకాల మెరుస్తోంది.

"శాంపిల్ చూశావా అమ్మా? బురద బురదగా ఉంది. బురదలో బురద దొరక్క ఏం దొరుకుతుంది? తేట బాబాయి పద్ధతి ఇన్నేళ్ళుగా నడుస్తోంది. ఎవరన్నా వంక పెట్టారా?"

"సార్, నేనే తప్పు చేశాను సార్" అన్నాడు బాబాయి. "నీళ్ళు ఉన్నవున్నట్టు తేవాలట. నేను తేర్చి తెచ్చాను."

"ఇదే, ఇదే నీలో నాకు నచ్చేది. ఇంత గొప్ప పని చేసి కూడా తప్పు చేశానంటావు!"

బాబాయి బిక్కచచ్చిపోయాడు. తప్పు ఒప్పుకుంటే తిడతారని భయపడ్డాడు గానీ, పొగుడుతారని ఆయనకి తోచలేదు. పెద్దసారు అంతటితో ఆగలేదు. ఇకమీదట ఆ ఆఫీసుకి నీళ్ళు పట్టి తెచ్చే అన్ని చోట్లవాళ్ళూ బాబాయి పద్ధతిలోనే నీళ్ళు తేర్చి, వడకట్టి తేవాలని, మట్టి ఉన్న బాటిల్ వస్తే సిబ్బంది దగ్గర తీసుకోవద్దని అక్కడికక్కడే సర్క్యులర్ రాయించాడు. ఆ సర్క్యులర్‌తో పైనా కిందా నీళ్ళు పట్టే చోట్ల కూడా నది బాగుపడింది.

తర్వాత పెద్దసారు చివరి కాగితం తిప్పాడు. ఆకుకూర కాగితం. చదివాడు. మళ్ళీ చదివాడు. గ్లాసు అందుకుని గడగడా నీళ్ళు తాగి, అవి ఎక్కడి నీళ్ళని బంట్రోతుని అడిగాడు.

"ఇదిగో బాబాయ్, ఈ మధ్య మా ఇంట్లో ఆకుకూరలు తగ్గించాం. అక్కగారికి శ్రమ ఇవ్వకు" అన్నాడు, కళ్ళు కలపకుండా.

అంటే నది బాగుంది, నది మట్టిలో పండిన కూర మాత్రం బాగాలేదు. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో హాయిగా సర్దుకున్నాయి. గదిలోంచి బయటికొచ్చాక కెమిస్టమ్మ మొహం కోపంతో ఎర్రబడింది. బాబాయికి కోపం రాలేదు. ఆయన బుర్రలో ఒకటే తిరుగుతోంది, అక్కకి ఎలా చెప్పాలి అని.

చెప్పలేదు. చెబుదామని రోజూ వెళ్ళేవాడు. ఆవిడ తలుపు తీసి "రారా" అనగానే మాట మార్చేసేవాడు. నీ చేతి కూర విషమని ఎలా చెప్పడం? వీధంతా నువ్వు పంచిపెట్టింది అదేనని ఎలా చెప్పడం? ఆ మడిలో నేనూ బకెట్టు బకెట్టు పోశానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? "డాక్టర్లు ఈ సీజన్లో ఆకుకూరలు వద్దంటున్నారక్కా" అని ఒకసారి నీళ్ళు నమిలాడు. "డాక్టర్లకేం పని లేదు" అని ఆవిడ నవ్వి ఇంకో కట్ట కోసింది. "సారుకిది ఇవ్వు" అంది. తీసుకున్నాడు. మలుపు తిరిగాక చెత్తకుండీలో వేశాడు. "సారుకి నచ్చిందా?" అని అడిగితే "నచ్చిందక్కా" అన్నాడు. ఆఫీసు కోసం ఇచ్చినవి కుండీలోకి వెళ్ళాయి, ఇంటికోసం కోసినవి ఆవిడ కడుపులోకి వెళ్ళాయి. ఆ సంగతి ఆయనకి ప్రతి ముద్దకీ గుర్తొచ్చేది. అయినా నోరు పెగల్లేదు. పిరికితనం మంచితనం వేషం వేసుకుంటే పోల్చుకోవడం కష్టం, ఆయన పోల్చుకున్నాడు, పోల్చుకునీ ఊరుకున్నాడు.

దారి చూపించింది మళ్ళీ కెమిస్టమ్మే.

"బాబాయ్, సర్క్యులర్ మన సిబ్బందికే. బయటి మనిషి ఎవరన్నా తమ ఒడ్డు నీళ్ళు పరీక్ష చేయమని తెచ్చిస్తే, ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుని, వచ్చింది వచ్చినట్టు రాసివ్వాలి. ఆ రిపోర్టు పట్టుకుని వెళ్తే పైపు రాదనడానికి ఎవరికీ వీలుండదు. నేను తెచ్చినా, మీరు తెచ్చినా చెల్లదు. వీధివాళ్ళే తేవాలి."

వీధివాళ్ళలో నది నీళ్ళ గురించి మాట్లాడితే అందరూ వినేది ఒక్క అక్క మాటే. బాబాయి ఆవిడ దగ్గరికే వెళ్ళాడు. ఆవిడ చేతికి ఖాళీ బాటిల్ ఇచ్చి, నదిలో ముంచి ఆఫీసుకి తేవాలన్నాడు.

"తేర్చొద్దక్కా. వడకట్టొద్దు. ఎలా ఉంటే అలా తీసుకురా."

"ఎందుకురా?"

ఇదీ సమయం. చెప్పేయాలి.

"కొత్త రూలు" అన్నాడు.

"సరేలే" అంది అక్క.

అనుకున్న రోజున అక్క ఆఫీసుకి వచ్చింది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. భుజాన తువ్వాలు, చంకలో సంచి. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. "తేట బాబాయి అక్కగారొచ్చారు" అని అందరూ లేచారు. ఇంకో గుమాస్తా కుర్చీ తుడిచి వేశాడు. టీ అన్న పాత గుమాస్తా ఇప్పుడు సూపర్‌వైజరు, ఆయనా బయటికొచ్చి నమస్కారం పెట్టాడు. కెమిస్టమ్మ గదిలోంచి తొంగి చూసింది. అక్క ఆ గౌరవానికి పొంగిపోతూ సంచిలోంచి బాటిల్ తీసి, ఒక చెయ్యి పట్టు నిలవక రెండు చేతులతో పట్టుకుని, కౌంటర్ మీద పెట్టింది.

బాటిల్లో నీళ్ళు కడిగిన ముత్యంలా ఉన్నాయి.

"చూశారా? రక్తం ఎక్కడికి పోతుంది!" అన్నాడు సూపర్‌వైజరు.

బాబాయి అక్క చెవి దగ్గరకి వంగాడు.

"తేర్చొద్దన్నాను కదక్కా."

"అన్నావులే" అంది అక్క కూడా గుసగుసగానే. "ఇంతమంది పెద్దవాళ్ళ ముందు బురద నీళ్ళు పెట్టి నీ పరువు తీస్తానా? చుట్టాల ముందే తియ్యనివ్వలేదు. పొద్దున్నే లేచి శుభ్రంగా తేర్చాను. గుడ్డ పిండటానికి చేతులు రాకపోతే పళ్ళతో పట్టుకుని పిండాను."

"మరి మట్టి?"

"మడిలో పోశాను. వృథా ఎందుకు?"

గుమాస్తా 'స్వీకరించడమైనది' అన్న ముద్రని ఇంకులో అద్ది ఎత్తాడు. బాబాయి "ఆగు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ముద్ర ఆ చేతి మీద పడింది. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. అక్క ముందు నేల మీద కూర్చున్నాడు. కుర్చీలున్నాయి, అయినా నేల మీదే కూర్చున్నాడు.

"అక్కా, రూలు కాదే. నది నీళ్ళలో విషముంది. సీసం. అది మట్టిని పట్టుకుని వస్తుంది. మట్టి తీసేసి నేను ఇన్నేళ్ళూ ఇక్కడ మంచి నీళ్ళు చూపించాను. అందుకే మనకి పైపు రాలేదు. తీసిన మట్టి తెచ్చి నీ మడిలో పోశాను. నీ చేతులు పడిపోతున్నది వయసుకి కాదు. కూరకి. సారుకి కూర నచ్చిందని చెప్పింది అబద్ధం, నేనే కుండీలో పారేశాను. నీకు చెప్పడానికి ధైర్యం లేక ఇన్నాళ్ళూ నిన్ను తిననిచ్చాను."

పెద్దసారు గది తలుపు కొంచెం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. అక్క ఒళ్ళో పెట్టుకున్న చేతులవంక చూసుకుంది. కొడుతుందేమోనని బాబాయి ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"పొద్దునే మూడో ఇంట్లో బాలింతకి పంపానురా" అంది అక్క. "రెండు కట్టలు. పాలు పడతాయని."

తన చేతుల గురించి ఆవిడ ఒక్క మాట అడగలేదు. బాబాయి వెక్కి వెక్కి ఏడ్చాడు. వయసొచ్చిన మగవాడు, ముద్ర పడిన చేత్తో కళ్ళు తుడుచుకుంటే మొహమంతా ఊదారంగు అంటింది. ఎవరికీ నవ్వు రాలేదు.

కాసేపటికి అక్కే లేచింది. కౌంటర్ మీది బాటిల్ తీసి వాకిట్లోకి వెళ్ళి నీళ్ళన్నీ పారబోసింది. "లే. నడు. ముందు ఆ బాలింత పొయ్యి మీదున్నది దింపించాలి, తర్వాత నది దగ్గరికి" అంది.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఆఫీసు కట్టేసే వేళయింది. కెమిస్టమ్మ పట్టుబట్టి గుమాస్తాని కూర్చోబెట్టింది. అక్క చెప్పులకి, పాదాలకి ఒడ్డు మట్టి అంటుకుని ఉంది. మడి పీకి వచ్చినట్టుంది, గోళ్ళలో కూడా మట్టే. సంచిలోంచి బాటిల్ తీసింది. లోపల నది ఎర్రగా, చిక్కగా, ఉన్నదున్నట్టు ఉంది. దాన్ని నలుగురి ముందూ పెట్టడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. గోడవైపు మొహం తిప్పుకుని పెట్టింది. గుమాస్తా ముక్కు చిట్లించి, కెమిస్టమ్మ చూస్తోందని సర్దుకుని, ముద్ర వేయడానికి బాటిల్ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్క నిమిషం బాబూ" అంది అక్క. భుజం మీది తువ్వాలు తీసి, బాటిల్‌ని బయట మాత్రం తుడిచిచ్చింది.